గాజుపెట్టెలో మామ

అత్త చెప్పులు విడవడానికి ఇంతసేపు పడుతోంది, పట్టనీ, ఎంతసేపైనా పట్టనీ, ఆ మోకాలి నొప్పి ఇవాళ కాస్త ఎక్కువై "వద్దులే మే, ఇంగోసారి వస్తాం పా" అననీ అనుకుంటూ ఆమె భుజం పట్టుకుని నిలబడ్డాను. పెద్దమనిషికి మోకాలి నొప్పి ముదరాలని మొక్కుకునే కోడలు ఈ తెల్లాపూర్ మొత్తానికి నేనొక్కదాన్నే అయ్యుంటాను. ఏం చేయను, నా దగ్గర సాకులు అయిపోయాయి. ఎండ అన్నాను, వాన అన్నాను, ఆదివారం మూసేస్తారని పచ్చి అబద్ధం ఆడాను. మా టవర్ల వెనక పాత ఊళ్ళో ఉన్న జంగమ మఠం ఇది. స్వాములు పోయారు, శిష్యులు పోయారు, చుట్టూ ఉన్న పొలాలు పోయి మా అపార్ట్‌మెంట్లు లేచాయి. ఖాళీగా పడి ఉన్న మఠానికి సున్నం కొట్టి, దీపాలు పెట్టి, స్థానిక చరిత్ర మ్యూజియం అని బోర్డు తగిలించారు. జంగమ మఠం అన్న మాట ఏ లిఫ్టులో ఎవరి నోట విన్నదో అత్త, ఆ రోజు నుంచి ఒకటే పోరు, మన అయ్యల సమాధులుంటాయి మే, ఒక్కసారి మొక్కుకొని వస్తాను మే అని. పొద్దున గిరీష్ కాఫీ గ్లాసు కింద పెట్టి "పదండి, ఇప్పుడే పోదాం" అన్నాడు. ఏడాదికోసారి తెలివొస్తుంది మా ఆయనకు, అది ఇవాళే రావాలి. తీరా మమ్మల్ని వాకిట్లో దించి, ఆఫీసు కాల్ ఉందని తను కార్లోనే కూర్చున్నాడు.

"చెప్పులు గిక్కడనే ఉండనియ్యండ్రి అమ్మా. తలకాయ వంచి రాండ్రి, దర్వాజ చిన్నగుంటది, జర పైలం" అంటూ లోపలి నుంచి ఒక అమ్మాయి ఎదురొచ్చింది. మెడలో కార్డు మీద భానుశ్రీ అని ఉంది. ఈ ఊరి పిల్లే, చూపించేది, చెప్పేది ఆమేనట. నన్ను చూసి నవ్వింది. ఎందుకు నవ్వింది? గుర్తుపట్టిందా? ఆ రోజు క్లబ్‌హౌస్‌లో బల్ల వేసుకుని మ్యూజియానికని పాత సామాన్లు తీసుకున్నది వేరే పిల్ల కదా, లావుగా, కళ్ళద్దాలతో... కాదు, కళ్ళద్దాలు ఈమెకూ ఉన్నాయి. నవ్వితే నవ్వింది, వచ్చిన వాళ్ళని చూసి నవ్వడం ఆమె ఉద్యోగం. నా ఉద్యోగం మాత్రం ఇతరుల తప్పులు పట్టుకోవడం, గచ్చిబౌలిలో ఒక కంపెనీలో టెస్టింగ్ లీడ్‌ని, కుర్రాళ్ళు రాసిన ప్రోగ్రాముల్లో లోపాలు వెతికి, ఎవరి వల్ల జరిగిందో పేరుతో సహా పంపిస్తాను. నన్ను చూస్తే వాళ్ళకి హడల్. వాళ్ళలో ఎవడైనా ఇప్పుడు నన్ను చూడాలి, జంగమ మఠం వాకిట్లో చెమటలు పట్టి, అత్త కొంగు చాటున నిలబడి ఉన్న భార్గవి మేడమ్‌ని. అత్త తల వంచింది, నేనూ వంచాను. ఎంతటివాడైనా తల దించుకునే లోపలికి రావాలని కావాలనే ద్వారం అంత కిందికి పెట్టించారట వెనకటి స్వాములు. నాకోసం అంత శ్రమ పడక్కర్లేకపోయింది పాపం.

లోపల మూడు గదులు. మొదటిదాంట్లో ఫొటోలు, రెండోదాంట్లో వ్యవసాయం, వంటా వార్పూ, మూడోది మఠం సొంత సామాన్లు. మూడోది అని నాకెలా తెలుసు? తెరిచిన వారమే ఆఫీసుకని బయల్దేరి ఒక్కదాన్నే వచ్చి చూసి పోయాను కాబట్టి. మూడో గదిలో కిటికీ పక్కన గాజుపెట్టె, ఎర్ర మఖమలు గుడ్డ, దాని మీద తెరిచి పెట్టిన వెండి లింగకాయ, పక్కన ఆ భరిణెలోంచి తీసిన లింగం. అది మా మామ మహదేవయ్యది. ఆయన చిన్నప్పటి నుంచీ మెడలో ఉన్నది. మాలో లింగం గూట్లో పెట్టి పూజించుకునే దేవుడు కాదు, ఒంటి మీది దేవుడు, మనిషి పోతే కూర్చోబెట్టి పూడుస్తారు, ఆ లింగాన్ని ఎడమ అరచేతిలో పెట్టి దాంతో సహా మట్టిలోకి పంపుతారు. గాజుపెట్టెలో లింగం ఉందంటే మట్టిలో ఒక మనిషి అది లేకుండా కూర్చుని ఉన్నాడని లెక్క. ఈ సంగతి ఈ పిల్లకి తెలియదు, రోజూ వచ్చి చూసిపోయే వాళ్ళకి తెలియదు. అత్త చూస్తే ఒక్క నిమిషం పట్టదు.

"ఇది మన చెరువమ్మా, ఇప్పుడు గీడనే మీ క్లబ్‌హౌస్ కట్టిండ్రు" అని భానుశ్రీ ఒక ఫొటో చూపించింది. ఎడ్లు నీళ్ళలో దిగి ఉన్నాయి. అత్త నా వైపు తిరిగింది. "చెర్వులో ఇల్లు కట్టుకున్నామేమే మనం?" "నేను కట్టానా అత్తా?" "కొన్నావు గదా." అంతే, ఆమెది ఒకటే మాట, కొట్టినట్టుంటుంది, నాకు ఈ మధ్య ఆమె ఏమన్నా ఆ సంగతే అంటోందేమో అనిపిస్తుంది. ఉప్పు ఎక్కువైంది అన్నా ఉలిక్కిపడతాను. మామ అలా కాదు. మామది మెత్తటి గొంతు, ఆదోనిలో పత్తి మిల్లులో జీవితమంతా గడిపి, ఆ దూదే గొంతులో ఇరుక్కున్నట్టు మాట్లాడేవాడు. నువ్వు ముందు తిను తల్లీ, నీకు మీటింగుంది గదా అనేవాడు. కన్నతండ్రి కూడా నా మీటింగుల్ని అంత గౌరవించలేదు. తెల్లారి స్నానం చేసి, బాల్కనీలో చాప మీద కూర్చుని, లింగాన్ని ఎడమ అరచేతిలో పెట్టుకుని కళ్ళార్పకుండా చూసేవాడు. పక్క టవర్లో డ్రిల్లింగ్ మిషను ఎముకలు కొరికేస్తున్నా కదిలేవాడు కాదు. ఆ పూజ కానిదే గుక్కెడు మంచినీళ్ళు ముట్టడు. నాకూ ఉంది లింగం, మా పుట్టింటివాళ్ళు కట్టినదే, ఉద్యోగంలో చేరాక చొక్కాల కింద ఉబ్బెత్తుగా కనిపిస్తోందని తీసి డబ్బాలో పెట్టాను. మామ చూశాడు, ఏమీ అనలేదు. అని ఉంటే బాగుండేది. కనీసం అది ఎంత బరువైనదో నాకు అప్పుడే తెలిసేది.

ఆ పొద్దున చాప మీది నుంచి లేవబోయి ఒక పక్కకి ఒరిగిపోయాడు. గిరీష్ బెంగళూరులో ఉన్నాడు, అత్త కాళ్ళాడక కూర్చుండిపోయింది, నేనే తీసుకుపోయాను. ఆస్పత్రిలో స్కానింగ్ అన్నారు, గదిలోకి లోహం ఏదీ పోకూడదన్నారు. గడియారం ఇచ్చాడు, కళ్ళజోడు ఇచ్చాడు, కట్టుడు పళ్ళు ఇచ్చాడు, అవన్నీ కవర్లో వేసి అక్కడి ఆయమ్మకు అందించాను, లింగకాయను మాత్రం పిడికిట్లో పట్టుకుని నా మొహం వంక చూశాడు. "కాసేపే మామా, నేను చేతిలోనే పట్టుకుంటాను, కింద పెట్టను, మీ మీద ఒట్టు" అన్నాను. పళ్ళు లేని నోటితో, సగం వంకరపోయిన మూతితో నవ్వి "ఒట్టెందుకు తల్లీ, నీ చేతిలో ఉంటే నా చేతిలో ఉన్నట్టే" అన్నాడు. ఆయన నాతో మాట్లాడిన ఆఖరి మాట అదే. ఆ తలుపు మూశారు, నా ఫోను మోగింది. రిలీజ్ ఉంది, ఎవడో ఏదో విరగ్గొట్టాడు, మేడమ్ ఒక్కసారి చూడండి మేడమ్ అని ఏడుస్తున్నాడు. ల్యాప్‌టాప్ తీశాను. ఒక చేత్తో టైపు చేయడం రాదు నాకు. కాసేపే కదా అని లింగకాయను బ్యాగు పక్క జేబులో వేశాను, జిప్పు కూడా వేశాను, జాగ్రత్త కదా నాకు, చాలా జాగ్రత్త.

రెండో గదిలో రోళ్ళు, కుంచాలు, విసుర్రాళ్ళు, ద్రాక్షతోటల్లో వాడిన కత్తెరలు. అత్తకి ఇవన్నీ కొత్త కాదు, అయినా ఒక్కొక్కటీ చూస్తోంది, చూస్తూ పిల్లని ప్రశ్నలేస్తోంది, పాలు ఎవరు పోస్తాండ్రి, మఠంలో వంట ఆడోళ్ళు చేస్తాండ్రా మగోళ్ళా అని. ఆ పిల్ల ఓపిగ్గా చెబుతోంది. చెప్పు తల్లీ, ఇంకా చెప్పు, మూసే వేళ దాకా చెప్పు. అవతలి గడప కనిపిస్తూనే ఉంది నాకు. అత్తా, కళ్ళు తిరుగుతున్నాయి పోదామా అంటే? అంటే పిల్ల నీళ్ళు తెస్తుంది, ఏసీ పెంచుతుంది, ఆ చల్లటి గది మూడోదేనండి అంటుంది. ఏసీ అంటే గుర్తొస్తుంది, ఆ ఐసీయూ చలి. స్కానింగ్ అయిన వెంటనే మామని అటు నుంచి అటే లోపలికి తీసుకుపోయారు. నన్ను పిలిచేసరికి నోట మాట లేదు. కుడి చెయ్యి పడిపోయింది, ఎడమ చెయ్యి మాత్రం గుండెల మీద తడుముకుంటోంది, గొంతు కింద, పక్కన, మళ్ళీ గుండెల మీద. నర్సు అడిగింది, ఛాతీలో నొప్పా అని. అవునేమో, నొప్పేమో, చూడండి అన్నాను నేను. లింగాయతుల ఇంట్లో పుట్టినదాన్ని, లింగాయతుల ఇంటికి కోడలిగా వచ్చినదాన్ని, గుండెల మీద తడుముకునే మనిషిని చూసి నొప్పేమో అన్నాను. మళ్ళీ ఈసీజీ తీశారు, సూది వేశారు. ఆయన తడుముకుంటూనే ఉన్నాడు, తీగలు ఊడిపోతున్నాయి. చెయ్యి కట్టేయమంటారా అని అడిగారు. కట్టేయండి అన్నాను. మంచం కమ్మీకి గుడ్డతో కట్టారు. ఆ కట్టిన చెయ్యి కూడా వేళ్ళు విప్పుతూ, మూస్తూ... నేను బయటికొచ్చి మళ్ళీ ల్యాప్‌టాప్ తీశాను. అయ్యో, ఆ జేబు నా మోకాలికి ఆనుకునే ఉంది.

ఆదోనిలో గుంత తవ్వి, విభూతి పోసి, అన్నీ సిద్ధం చేశాక లింగమేదయ్యా అన్నారు అయ్యగారు. గిరీష్ నా వైపు చూశాడు. "ఆయమ్మకు ఇచ్చాను, గడియారం, కళ్ళజోడు అన్నీ కవర్లో వేసి ఆయమ్మకే ఇచ్చాను" అన్నాను. అది అబద్ధం కాదు, నిజంగానే అలా గుర్తు నాకు, అన్నీ ఇచ్చినట్టే గుర్తు. కవర్లో మిగతావన్నీ ఉన్నాయి, అది లేదు. వెండిది గదా, ఆడ పనిచేసేటోళ్ళు ఊరుకుంటారా అన్నారు ఎవరో చుట్టాలు. అయ్యగారు తన సంచిలోంచి కొత్త లింగం తీసి మామ ఎడమ చేతిలో పెట్టారు. అత్త ఏడవలేదు. "పరాయి దేవుణ్ణి పట్టుకోని పోతాండాడు" అంది. ఆ రోజు నుంచి ఆమె పొద్దుటి పూజ మారిపోయింది. బసవన్నకు దండం, ఊళ్ళోని వీరభద్రుడికి దండం, ఆ వెంటనే శాపం. నా ఇంటి దేవుణ్ణి ఎత్తుకపోయినదాని చేతులు పడిపోనూ, దాని కొంపలో దీపం ఆరిపోనూ, దాని నోట్లో మన్ను పడా. నేను వంటింట్లో పోపు వేస్తూ వింటాను. కొరియరువాడైనా ఒక్కోసారి పక్క ఫ్లాటుకి పోతాడు కానీ అత్త శాపం అడ్రసు తప్పదనిపిస్తుంది. ఈ మధ్య కుడి మణికట్టు లాగేస్తోంది. కీబోర్డు వల్ల అన్నాడు డాక్టరు. ఆయనకేం తెలుసు.

ఆ ఆయమ్మ పేరు రత్నమ్మ. పని పోయింది ఆమెకు. గిరీష్ ఆస్పత్రికి పోయి గొడవ చేశాడు, కాంట్రాక్టరుని పిలిపించాడు, వాడు ఆ సాయంత్రమే ఆమెను తీసేశాడు. లింగకాయ నాకు తర్వాత దొరికింది, చాలా తర్వాత, మళ్ళీ ఆఫీసుకు పోవడం మొదలుపెట్టాక బ్యాగు దులుపుతుంటే. అప్పటికే అంతా అయిపోయింది కదా, ఆమె ఎక్కడుందో ఏమో, చెప్పి మాత్రం ఏం లాభం. ఇన్నాళ్ళూ నాకు నేను చెప్పుకున్నది ఇదే. కానీ అవతలి గడప దగ్గరపడుతున్న కొద్దీ ఇది నిలబడటం లేదు. తర్వాత కాదు. ఆ గదిలోనే దొరికింది. గిరీష్‌తో పాటు నేనూ పోయాను ఆస్పత్రికి, బిల్లులన్నీ నా బ్యాగులో ఉన్నాయని. మేనేజరు బల్లకి ఇవతల మేము, అవతల గోడకి ఆనుకుని రత్నమ్మ, ఆకుపచ్చ చీర, చేతులు కట్టుకుని. "నేను తియ్యలే సారూ, నాకు గవన్నీ ఎరుకలేదు, గడియారం, అద్దాలు, పండ్లు, గంతే ఇచ్చింది మేడమ్. నా బిడ్డ మీద ఒట్టు" అంటోంది. మేడమ్, మీరు చెప్పండి అన్నాడు మేనేజరు. పెన్ను కోసం నేను పక్క జేబు జిప్పు తీశాను. వేళ్ళకు చల్లగా తగిలింది. గుండ్రంగా, చల్లగా. ఏమిటో తెలియడానికి చూడక్కర్లేదు. అక్కడ బయటికి తీసి బల్ల మీద పెడితే అయిపోయేది, అందరూ నన్ను తిట్టేవాళ్ళు, గిరీష్ మాట్లాడేవాడు కాదు కొన్నాళ్ళు, అంతే కదా, అంతకన్నా ఏమయ్యేది? నేను జిప్పు మూశాను. "అన్నీ ఇచ్చినట్టే గుర్తు" అన్నాను. రత్నమ్మ నా మొహం వంక చూసింది. కోపంగా కాదు. ఆమె నిజంగానే ఆలోచిస్తోంది, నేను ఇచ్చానేమో, తనే ఎక్కడైనా పడేసిందేమో అని. చదువుకున్న మేడమ్ అంత గట్టిగా చెబుతుంటే పాపం తన గుర్తు మీద తనకే అనుమానం వచ్చింది. ఆ చూపు నన్ను నిద్రపోనివ్వదు.

ఇంట్లో పెట్టుకోలేకపోయాను దాన్ని. చెత్తలో వేయలేను, చెరువులో వేద్దామంటే చెరువు మీదే మా క్లబ్‌హౌస్ ఉంది. అప్పుడే అసోసియేషన్ వాట్సాప్‌లో వచ్చింది, ఇళ్ళలో పాత వస్తువులుంటే మ్యూజియానికి ఇవ్వండి అని. ఎలాగూ మఠమే కదా, దేవుడు మఠంలోనే ఉంటాడు కదా అని నాకు నేనే గొప్పగా నచ్చజెప్పుకుని, పేరు చెప్పకుండా బల్ల మీద పెట్టి వచ్చేశాను. ఒకసారి మూసాపేటకీ పోయాను. ఆస్పత్రి సెక్యూరిటీ అతను చెప్పాడు ఆ గల్లీ. కిరాణా కొట్టు ముందు నిలబడ్డాను. ఎదురు వాకిట్లో రత్నమ్మ బట్టలు ఆరేస్తోంది. నిజాంపేట హాస్టళ్ళలో గిన్నెలు తోముతోందట ఇప్పుడు, కొట్టతనే చెప్పాడు. ఏం కావాలమ్మా అన్నాడు. ఉప్పు ప్యాకెట్ అన్నాను. ఉప్పు కొనుక్కుని, మెట్రో ఎక్కి వచ్చేశాను. ఇంట్లో ఉప్పు ఉంది కదా మే అంది అత్త.

"అమ్మా, గిది మఠం సామాన్ల అర్ర" అంది భానుశ్రీ. వచ్చేశాం. గంటలు, శంఖం, జోలె, చెక్క పాదుకలు. అత్త పాదుకల ముందు ఆగి కళ్ళకద్దుకుంది. నేను కిటికీ వైపు జరిగి, నా ఒంటితో ఆ గాజుపెట్టెను అడ్డుకుని నిలబడ్డాను, చిన్నపిల్లలు పగిలిన గ్లాసును గౌను వెనక దాచినట్టు. "జరగవే" అంది అత్త. జరిగాను. పెట్టె మీద చీటీ ఉంది, ఇష్టలింగం, సుమారు పందొమ్మిదో శతాబ్దం, దాత పేరు తెలియదు అని. మామను ఒక్క దెబ్బకు నూరేళ్ళు ముసలివాణ్ణి చేశారు, వేరే రోజైతే నవ్వొచ్చేది. అత్తకు ఆ చీటీ కనపడదు, కళ్ళజోడు ఇంట్లో మరిచిపోయింది, దేవుడా, మరిచిపోయింది, ఇన్ని దండాలు ఆమెవి విన్నావు, నాదొక్కటి విను. అత్త వంగింది. లింగం మీద బల్బు వెలుగు పడుతోంది. ఏడాదిగా నీళ్ళు లేవు, విభూతి లేదు, పత్రి లేదు. "ఏ ఇంటోళ్ళో" అంది మెల్లగా. "ఎంత పాపిష్టోళ్ళో. మనిషిని అట్లే పూడ్చినారు." గుర్తుపట్టలేదు. పట్టలేదు. బతికానా? బతకడమంటే ఇదేనా? ఆ తెలియని మనిషి కోసం అత్త కళ్ళల్లో నీళ్ళు తిరుగుతున్నాయి, మొగుడు పోయిన రోజు రాని నీళ్ళు. కొంగుతో తుడుచుకుని, అద్దానికి ఇంకా దగ్గరికి జరిగింది. లింగకాయకు దారం ఉంది, నలిగి, చెమటకు పసుపు తిరిగిన దారం. ఆమె చెయ్యి మెల్లగా తన మెడ వెనక్కి పోయింది. తన దారం ముడిని వేళ్ళతో తడిమింది. పెట్టెలోది చూసింది. మళ్ళీ తనది తడిమింది.

"మన కాలనీలోనే ఎవరో ఇచ్చిండ్రంట అమ్మా, పేరు చెప్పలే. మీరు గా కులపోళ్ళే కదా, ఎవరిదో మీకేమన్న ఎరుకనా?" అని అడిగింది భానుశ్రీ. అత్త నడుము నిటారుగా చేసింది. నా వైపు చూడలేదు. "ఎరుక లేదమ్మా. ఎవురిదో" అంది.

సమాధులు వెనక పెరట్లో ఉన్నాయి. మా టవర్ నీడ సగం దాకా వచ్చి పడింది. మొక్కడానికి వచ్చిన మనిషి మొక్కలేదు, సమాధి అరుగు మీద నెమ్మదిగా కూర్చుంది. నేను నిలబడే ఉన్నాను. కాళ్ళ మీద పడాలా? పడితే నటించినట్టుంటుంది. ఏడవాలా? ఏడుపు రావడం లేదు, రావాల్సినప్పుడు ఎప్పుడు వచ్చింది గనక. ఔటర్ రింగు రోడ్డు మీద లారీల రొద వినిపిస్తోంది. "శివరాత్రికి శివరాత్రికి దారం మార్చి నేనే ముడేస్తాంటి" అంది అత్త. "మా యమ్మ నేర్పించిన ముడి. మీ మామకు వెయ్యడం రాదు." అరుగు మీది ఎండుటాకును పక్కకు తోసింది. "నీ సంచిలోనే ఉండెనా?" "అవునత్తా." "ఎప్పుడు సూసినావు?" ఇక్కడ తర్వాత అనొచ్చు. ఇన్నాళ్ళూ నాకు నేను చెప్పుకున్నదే ఆమెకూ చెప్పొచ్చు, నమ్ముతుంది, నమ్మి సగం క్షమిస్తుంది. నోరు దాన్నే అనబోయింది. "ఆయమ్మను నిలబెట్టి అడుగుతున్నప్పుడు. ఆ గదిలోనే" అన్నాను.

అత్త నా మొహం వంక అప్పుడు చూసింది. కొడుతుందనుకున్నాను, కొడితే బాగుండు అనుకున్నాను. ఆమె మాత్రం తన రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుని వాటిని చూసుకుంటోంది. "దినామూ తిడితి గదే" అంది. "తానం చేసి, మడి కట్టుకొని, దేవుని ముందర కూర్చోని తిడితి. దానికి పిల్లోళ్ళుండారో లేదో కూడా అడగకపోతి. దీపం ఆరిపోవాలంటి. నువ్వు ఇంటాంటివి గదా లోపల్నుంచి?" "వింటూ ఉన్నానత్తా." "ఇని, నాకు సంగటి పెడితివి." అవును, పెట్టాను. వేడివేడిగా, నెయ్యి వేసి. "లింగాన్ని వీళ్ళనడిగి తీసుకొని పోదాం అత్తా, ఆదోనికి తీసుకుపోయి..." అని మొదలుపెట్టాను, ఏదో ఒకటి చేస్తే తప్ప నిలబడలేనని. అత్త చెయ్యి ఎత్తి ఆపింది. "ఆయప్ప యాడికీ పోడు. అద్దాల పెట్టెలో సల్లగా ఉండాడు. ముందు ఆ యమ్మ యాడుందో కనుక్కో." "నాకు తెలుసు" అన్నాను. "మూసాపేటలో. నేను పోయి చూసి వచ్చాను." అత్త చాలాసేపు నా వంక చూసింది. ఇల్లు తెలిసి కూడానా అని అడగలేదు, అడగకపోవడమే చాలింది నాకు. నా భుజం పట్టుకుని, మోకాలి మీద బరువేసి లేచింది. "పా. నేను తిట్టింది నేను జెప్పుకుంటా. నువ్వు జేసింది నువ్వు జెప్పుకో" అంది.

భానుశ్రీ వాకిలి దాకా వచ్చింది, మళ్ళా రాండ్రి అమ్మా అంది, వస్తామమ్మా, వచ్చే పని ఉంది అంది అత్త. నేను వంగి ఆమె చెప్పులు ముందు పెట్టబోతే కాలు వెనక్కి తీసుకుంది. తనే వంగి, తనే పట్టీ పెట్టుకుంది, గోడ పట్టుకుని, మూలుగుతూ. నేను చేతులు ఏం చేయాలో తెలియక నిలబడ్డాను. కార్లో గిరీష్ కాల్ అయిపోయింది, హుషారుగా ఉన్నాడు, ఎలా ఉందమ్మా మ్యూజియం, మొక్కుకున్నావా అంటున్నాడు, టిఫిన్‌కి పోదామా అంటున్నాడు. అత్త వెనక సీట్లో నా పక్కనే కూర్చుంది, మా ఇద్దరి మధ్య ఇంకో మనిషి పట్టేంత జాగా వదిలి. "మూసాపేటకు పోనీ రా" అంది. "మూసాపేటా? అక్కడ మనకెవరున్నారు?" అని అద్దంలోంచి చూశాడు గిరీష్. అత్త కిటికీ వైపు తిరిగింది. నోరు విప్పదు, ఇక ఆమె నోరు విప్పదు. చెప్పాల్సింది నేనే.

"రత్నమ్మ" అన్నాను.

"ఏ రత్నమ్మ?" అన్నాడు గిరీష్, ఇండికేటర్ వేస్తూ.